ముందు సీటు మరక

పూర్వం ఒక జమీలో కారున్న దొర ఒకడుండేవాడు. తన దొరసానిని పరాయి మగవాడు చూస్తాడేమోనని కారు తనే నడిపేవాడు, ఆమెను వెనక సీట్లో తెరలు దించి కూర్చోబెట్టేవాడు. ముందుకు రానిచ్చేవాడు కాదు.

ఒకనాడు వెనక సీటు రబ్బరు కవరు మీద ఎర్రటి మరక కనబడింది. "నా తాంబూలమే," అంది దొరసాని. దొర నమ్మలేదు. కవర్లన్నీ ఊడదీయించి, బట్టలుతికే పైడమ్మను కచేరీకి పిలిపించాడు.

"ఇది ఏ మగాడి మరకో చెప్పు. ఆ తెరచాటునున్న దొరసానిని ఈ పూటే పుట్టింటికి తోలేస్తాను."

"సబ్బునీళ్లతో తుడిచి నీడలో ఆరేస్తే పోయేదానికి ఇంత తీర్పా దొరా? సరే, కారులో పరాయి మనిషిని ఎక్కించుకున్నవాళ్లు ఇల్లు వదలాలి, అంతేనా?"

"అంతే. ఎవరైనా సరే," అన్నాడు దొర, నలుగురూ వినేలా.

పైడమ్మ ముందు సీటు కవరు పరిచింది. తల ఆనేచోట సంపెంగనూనె జిడ్డు, నలిగిన మల్లెల మరక. దొర కూర్చునే వైపు అంచున కుంకుమ.

"అవి దొరసానివే," అన్నాడు దొర తడబడుతూ.

"అమ్మగారిని ముందు సీట్లో ఎప్పుడు కూర్చోనిచ్చారు దొరా?"

కచేరీలో ఎవరో దగ్గారు.

"సరే సరే, రెండూ ఉతికెయ్."

పైడమ్మ కవర్లు ఎత్తుకోబోతుంటే తెరచాటు నుంచి దొరసాని నింపాదిగా అంది:

"వెనకది ఉతికెయ్యి పైడమ్మా. ముందుది ఇలా ఇచ్చి వెళ్లు. తీర్పు ఇంకా అమలు కాలేదు."