తవిటమ్మ కాలు, అలిగిన అల్లుడు

ఊఁ కొట్టండర్రా. ఊఁ కొట్టని వాళ్ళకి నేను కథ చెప్పను, ముందే చెబుతున్నా.

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ తాతకి తాత ఇంకా దోగాడుతున్న రోజులు. మిట్టవలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒక ముసల్ది. పుట్టిన పిల్లలు దక్కకపోతే వాళ్ళమ్మ దీన్ని తవుడికి అమ్మి కొనుక్కుంది, అందుకని ఆ పేరు. దంపుళ్ళు దంచడం దాని పని. ఊళ్ళో ఏ ఇంట పెళ్ళైనా ఆ ఇంటి పసుపు తవిటమ్మ రోకలి కింద నలగాల్సిందే.

ఒకనాడు పొద్దున్నే దంచుతూ దంచుతూ పక్కకి ఒరిగిపోయింది. మూతి వంకరపోయింది. కుడి చెయ్యి గుప్పెట బిగుసుకుపోయింది, మరి విప్పుకోదు. కుడికాలు ఉంది గానీ, ఉన్నట్టు దానికే తెలీదు. పక్షవాతం అన్నారు. పసర్లు పోశారు, పావురం నెత్తురు రాశారు, మంచం మీద పడుకోబెట్టారు.

తవిటమ్మ ఊరుకునే మనిషా? ముందు కాలిని తిట్టింది. "ఓసి నీ దుంపతెగ, ఇన్నేళ్ళు మేపితే ఇదా బుద్ధి," అంది. కదల్లేదు. తర్వాత చంటిపిల్లని లాలించినట్టు లాలించింది. కదల్లేదు. మూడోనాడు కోడలు సూరమ్మ ఆ కాలికి వేణ్ణీళ్ళు పోసి నూనె రాస్తుంటే ముసల్ది ఫక్కుమని నవ్వింది.

"ఏటత్తా నవ్వుతావు?"

"నాకు ఒక్క కొడుకే కదే. కూతురూ లేదు, అల్లుడి ముచ్చటా తీరలేదు. ఇదిగో, ఇప్పుడు దిగాడు. పిలిస్తే రాడు, వచ్చినోడు కదల్డు. వేణ్ణీళ్ళు పొయ్యాలి, నూనె రాయాలి, పని మాత్రం చెప్పకూడదు. అల్లుడు కాకపోతే ఇంకెవరే ఇతను?"

ఆ రోజు నుంచి కుడికాలి పేరు అల్లుడుగారు. అల్లుణ్ణి తిడితే వస్తాడా? మర్యాద చెయ్యాలి. మంచం మీంచి ఎడమ మోచేత్తో ఒత్తి లేచేది. లేచాక కాసేపు ఒగర్చేది. ఎడమ చేత్తో పాత రోకలి పట్టుకుని నిలబడేది. అప్పుడు వంగి, "రండి అల్లుడుగారూ, దయచెయ్యండి," అనేది. మొదటిసారి రాడు. రెండోసారి కదిలినట్టు కదిలి ఆగిపోతాడు. మూడోసారికి తుంటి దగ్గర్నుంచి గిర్రున తిరిగి, వేళ్ళు నేలకి రాసుకుంటూ వస్తాడు. రోకలి దన్న్, కాలు జర్ర్. అదీ ఒక అడుగు. మీరు తొక్కుడుబిళ్ళ ఆడుతూ వేసే అడుగు లాంటిది కాదు. ఆ ఒక్క అడుగుకి దాని రవిక తడిసిపోయేది.

ఇలా ఉండగా మనవరాలు నూకాలుకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు పొరుగూరి ఎర్రన్న. మంచివాడే, కాస్త బెట్టు ఎక్కువ.

పెళ్ళినాడు సూరమ్మ వచ్చి, "అత్తా, నువ్వు మంచం దిగకు. పిల్లే నీ దగ్గరికొచ్చి వంగుతుంది, ఇక్కడే అక్షింతలు వేద్దువు గాని," అంది.

"నాను పందిట్లోకి నడిచొచ్చి వేస్తాను."

"నువ్వు గడప దాటేసరికి పిల్లకి పురుడొస్తుంది."

కొడుకు అప్పలస్వామి వచ్చాడు. "పోనీ, మంచంతో మోయించి తీసుకెళ్తానమ్మా," అన్నాడు.

"మంచంతో మోసేది ఒక్కసారేరా. అది ఇయ్యాల కాదు," అంది తవిటమ్మ. "నా మనవరాలి పెళ్ళికి నా కాళ్ళ మీద నానొస్తాను. రాలేకపోతే ఇంక ఎప్పుడూ లెగను. చూసుకోండి."

అక్షింతలు అడిగి తీసుకుని, బిగుసుకున్న కుడి గుప్పెట్లోకి ఒక్కొక్క గింజా దూర్చింది. "ఈ గుప్పెట విప్పడం నా వల్లే కాదు. ఇందులోంచి గింజ ఎక్కడికి పోతుంది?" అంది. దన్న్, జర్ర్. దన్న్, జర్ర్. పెరటి వసారాలోంచి వీధి గుమ్మం దాకా వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది.

అప్పుడు తెలిసింది. పెళ్ళికొడుకు అలిగాడు.

విడిది వీధికి కింది కొసన. పల్లకీ బొంగు పుటుక్కున విరిగింది. నడిచి రావయ్యా అంటే, "పెళ్ళికొడుకునై ఉండి నడిచి వస్తానా? పల్లకీ లేందే అడుగు వెయ్యను," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పలస్వామి వెళ్ళి బతిమాలాడు. రాను. ఊరిపెద్ద వెళ్ళి కోప్పడ్డాడు. రాను. పురోహితుడు వెళ్ళి ముహూర్తం మించిపోతోందన్నాడు. రానంటే రాను.

పందిట్లో నూకాలు ఏడుస్తోంది.

"నానెల్తాను," అంది తవిటమ్మ.

నవ్వారు. నవ్వరూ మరి? వాకిట్లోకి రావడానికే పూట పట్టిన మనిషి.

"నవ్వండి. ఈ ఊళ్ళో రోజూ అల్లుణ్ణి బతిమాలేది నానొక్కదాన్నే. మీకేటి తెలుసు ఆ పని?"

వీధి పల్లం. పల్లంలో దిగడం ఎక్కడం కంటే కష్టం. మంచికాలు తొందరపెడుతుంది, చెడ్డకాలు వెనక్కి లాగుతుంది. దన్న్, జర్ర్. మధ్యలో పందొకటి అడ్డం వస్తే అది దాటేదాకా నిలబడింది. దుమ్ములో అల్లుడుగారి వేళ్ళు గీసిన గీత నాగలి చాలులా పడింది. ఊరంతా వెనకాల నడిచారు. నెమ్మదిగా నడవడం కూడా అంత కష్టమని వాళ్ళకి ఆ రోజే తెలిసింది.

విడిదికి ఒక్కటే మెట్టు. శుభమా అని పెళ్ళికి పిలవడానికి వెళ్తే కుడికాలు ముందు పెట్టాలి కదా? "ఎడమది పెట్టెయ్యమ్మా, ఎవరూ చూడం," అన్నాడు అప్పలస్వామి. ముసల్ది వాడివైపు కూడా చూడలేదు. రోకలి ఆనించి వంగింది.

"రండి అల్లుడుగారూ, దయచెయ్యండి."

"రానన్నానుగా," అన్నాడు లోపల్నుంచి ఎర్రన్న.

"నిన్ను కాదు బావూ. నీతో తర్వాత మాట్లాడతాను. ముందు ఈయన మెట్టెక్కాలి."

ఎర్రన్న ఇటు తిరిగాడు. గుమ్మంలో వంకర మూతి ముసల్ది, చెమటతో ముద్దయిపోయి, తన కాలికి దణ్ణం పెడుతోంది. కాలు లేచింది, వేళ్ళు మెట్టుకి తగిలి జారిపోయింది. రెండోసారి పిలిచింది. పైదాకా వచ్చి వెనక్కి పడింది, ముసల్ది తూలింది. ఎర్రన్న లేచి కూర్చున్నాడు. మూడోసారి పిలిచింది. కాలు వణుకుతూ, గాల్లో తిరుగుతూ, మెట్టు అంచున ఆగింది. అక్కడే ఊగుతోంది. ఎర్రన్న ఊపిరి బిగబట్టాడు. జర్ర్ మని మెట్టు మీద పడింది.

"వచ్చాడు," అన్నాడు ఎర్రన్న. అనేసి చూసుకుంటే తను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"లెగిసావు కదా, మరి పద," అంది తవిటమ్మ. "ఒక అల్లుణ్ణి బతిమాలేసరికే నా పనైపోయింది. ఇద్దర్ని బతిమాలే ఓపిక నాకు లేదు. నువ్వు రాకపోతే ఈ మెట్టు మీదే కూకుంటాను. కూకుంటే మరి నన్ను లేపడం ఈ ఊరి వల్ల కాదు."

ఎర్రన్న సిగ్గుపడి, "మామ్మా, నిన్ను ఎత్తుకుని తీసుకెళ్ళనా?" అన్నాడు.

"ఎత్తుకుంటే ఈయన అలుగుతాడు. పక్కన నడు."

నడిచాడు. పల్లకీ లేందే అడుగెయ్యనన్న పెళ్ళికొడుకు ముసల్దాని నడక నడిచాడు. డోలువాళ్ళకి ఏం వాయించాలో తోచక, రోకలి దన్న్ మంటే డోలు కొట్టారు, కాలు జర్ర్ మంటే సన్నాయి ఊదారు. మిట్ట ఎక్కుతుంటే మూడుచోట్ల అల్లుడుగారు మొరాయించాడు. ముసల్దానికి పిలవడానికి గొంతు రాలేదు. అప్పుడు ఎర్రన్న బాసికం సర్దుకుని, వంగి, "దయచెయ్యండి తోడల్లుడుగారూ," అన్నాడు. ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. కాలు కదిలింది.

పందిరి దగ్గర పురోహితుడు నెత్తి కొట్టుకుంటున్నాడు. అయినా ముందు కుడికాలే పెట్టి తవిటమ్మ పందిట్లోకి వచ్చింది. ముహూర్తం అంచులో తాళి పడింది. ముసల్ది గుప్పెట ఎత్తింది. విప్పుకోదు. ఎంత లాగినా విప్పుకోదు. నూకాలు పీట మీంచి లేచి వచ్చి, మామ్మ చెయ్యి తన తల మీద పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అక్షింతలు చెమటకి తడిసి పాపిట్లో అంటుకుపోయాయి. తవిటమ్మ ఏడ్చింది. ఉండండర్రా, నన్నూ కాస్త కళ్ళు తుడుచుకోనివ్వండి.

కొన్నాళ్ళకి తవిటమ్మ పోయింది. మోసేది ఒక్కసారే అంది కదా, మోశారు. దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ళు ఒకవేళ వింటారేమో అని చివరిసారి పిలిచే చోటు అది. కొడుకు చెవిలో మూడుసార్లు "అమ్మా" అని పిలిచాడు. పలకలేదు. అప్పుడు ఎర్రన్న కాళ్ళవైపు వెళ్ళి కూర్చున్నాడు.

"దయచెయ్యండి తోడల్లుడుగారూ," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి అన్నాడు. అందరూ నవ్వారు, పాడె మోసేవాళ్ళు కూడా. మూడోసారి అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ కాలినే చూస్తూ నిలబడ్డారు. మూడో పిలుపుకి ఆయన రాకపోవడం అదే మొదటిసారి.

ఇప్పటికీ మిట్టవలసలో పెళ్ళికొడుకు పల్లకీ ఎక్కడు. ఎంతటి వాడైనా నడిచే రావాలి. దారిలో మూడుచోట్ల ఆగాలి. డోలు దన్న్, సన్నాయి జర్ర్. ఇంకోటి, ఆ ఊళ్ళో ముసలివాళ్ళు లేవబోతుంటే ఎవరూ రెక్క పట్టి గుంజరు. పక్కన నిలబడి, "అల్లుడుగారు వచ్చారా?" అని అడుగుతారు. వచ్చాడనేదాకా ఆగుతారు.

కథ అయిపోయింది. నా మోకాలు పట్టేసింది, నేనిక లేవాలి. ఒసే, ఆ చెయ్యి తియ్యి, నన్ను లాగకు. పక్కన నిలబడి అడుగు.