ఇద్దరే

చయనులు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే దొరికేది కాదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో ఆయన ప్రపంచ చరిత్ర చెప్పేవారు. ప్రశ్న వినగానే కళ్ళద్దాలు తుడుచుకుని "చూద్దాం" అనేవారు. కొందరికి ఆ చూడటం ఏళ్ళు పట్టింది.

మాణిక్యానికి మాత్రం ఒక్క పూట పట్టింది. ఆ పిల్లది ఏటి అవతలి లంక. రోజూ పొద్దున్నే పడవ దాటి కాలేజీకి వచ్చేది. పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో ఒకనాడు ఆయన గది గుమ్మం దగ్గర నిలబడి, తనకు భయంగా ఉందని చెప్పింది. మాస్టారు పరీక్షల భయం అనుకున్నారు. అది కాదంది.

"ఐరోపాలో మహమ్మారి, చైనాలో వరదలు, ఎక్కడెక్కడి యుద్ధాలో చదువుతున్నానండి. లక్షల మంది పోయారని ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. చదివి పేజీ తిప్పేస్తున్నాను. నాకేమీ అనిపించడం లేదండి. చదివేకొద్దీ రాయినైపోతున్నానేమో."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చూద్దామన్నారు.

ఆ మధ్యాహ్నమే క్లాసు జరుగుతుండగా కబురు వచ్చింది. లంక నుంచి వస్తున్న పడవ తిరగబడిందని. ఏటికి వరద ఎర్రనీళ్ళు వచ్చి వడి మీద ఉంది. మాణిక్యం అక్క సత్యవేణి నిండు నెలల మనిషి, ఆసుపత్రిలో చూపించుకోవడానికి ఆ పడవకే రావాలి. పిల్ల పుస్తకాలు బల్ల మీదే వదిలేసి పరుగెత్తింది. వెనకాలే మాస్టారు వెళ్ళారు.

రేవు నిండా జనం. నాటు పడవలు తిరగబడిన చోటికి వెళ్ళి కొందరిని ఎక్కించుకుని వస్తున్నాయి. అక్క ఫోను మోగడం లేదు. ఒడ్డుకు చేరిన ప్రతి పడవలోనూ మాణిక్యం ముఖాలు వెతికింది. గట్టు మీద ఒకాయన తన ఫోనులో వచ్చిన వార్త పైకి చదివాడు: పడవ బోల్తా, ఇద్దరు గల్లంతు, మిగిలినవారు క్షేమం. ఆమె ముఖం చూసి, జాలిపడి ధైర్యం చెప్పాడు.

"ఇద్దరేనమ్మా. కంగారు పడకు."

ఆ మాటకు ఆమె మెట్ల మీద కూలబడింది. ఆ ఇద్దరూ ఎవరైనా కానీ, మా అక్క కాకుండా ఉంటే చాలని మనసులో మొక్కుకుంది. మొక్కుకున్నాక, తను ఏం కోరుకుందో తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు పక్కనే నిలబడ్డారు.

పొద్దు వాలుతుండగా ఏటి దిగువ నుంచి వచ్చిన పడవలో సత్యవేణి ఉంది. ఎవరిదో తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని, రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూర్చుంది. లోపల బిడ్డ కదులుతోందని చెల్లెలి చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. వాళ్ళ తల్లికి కబురు అందింది. ఎవరో ఆటో పిలిచారు. జనం పలచబడ్డారు.

అక్కను ఆటోలో ఎక్కించి మాణిక్యం వెనక్కి చూసింది. మాస్టారు కదల్లేదు. కింది మెట్టు మీద ఒక నడివయసు ఆవిడ నీళ్ళ వైపు చూస్తూ కూర్చుని ఉంది. అలలు పాదాల మీదికి వస్తున్నా వెనక్కి జరగడం లేదు. ఇంక పడవలేవీ రావడం లేదు.

"మనవాళ్ళు వచ్చేశారు కదండీ," అంది మాణిక్యం. అన్నాక మళ్ళీ ఆవిడ వైపు చూసింది.

మాస్టారు ఆటో వైపు నడిచారు.

"మీ అక్కను ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను. నువ్వు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో. ఎవరికోసం చూస్తోందో అడుగు. పేరు సరిగ్గా విను."