నక్క చూసిన కొద్దీ పెరిగిన టికెట్

జీడిమామిడి తోట దాటాక గుట్ట కింద చదును నేల ఉంది. జంతువుల కళాసంఘం ఏడాదికోసారి అక్కడ ప్రదర్శన పెడుతుంది. ఈసారి ఆదివారం సాయంత్రం చిలకల బుర్రకథ. టికెట్లన్నీ ఫోన్లోనే. వాటిని అమ్మే సాఫ్ట్‌వేర్ చూసుకునేది గురవయ్య అనే గాడిద.

ఆ పని గురవయ్యకి ఎవరూ నేర్పలేదు. తప్పు బటన్లు నొక్కుకుంటూ తనే నేర్చుకున్నాడు. "మొదటి రోజు ఏనుగుకి పసిపిల్లల టికెట్ ఇచ్చేశాను. ఆయన కూర్చున్నాక గానీ తప్పు తెలియలేదు" అని తన మీద తనే చెప్పి అందరినీ నవ్వించేవాడు. కానీ టికెట్ల గదిలో తను కూర్చునే ఆ కుర్చీ అంటే ప్రాణం. పుట్టి బుద్ధెరిగాక వీపు మీద మూట లేకుండా చేస్తున్న మొదటి పని అది.

శుక్రవారం పొద్దున్నే నక్క పానకాలు, సంఘం పెద్ద ఎలుగుబంటి భద్రమ్మ దగ్గరికొచ్చి తిష్ఠ వేశాడు.

"అక్కా, టికెట్టు ఇరవై వేరుశనగ కాయలేనా? ఎవడు పెట్టాడీ ధర?"

"నేనే బావా" అన్నాడు పక్కనే ఉన్న గురవయ్య. "నాకు లెక్కపెట్టడం వచ్చింది అంతవరకే."

"అదీ సంగతి! ఆ సాఫ్ట్‌వేర్లో గిరాకీ ధర అని ఒకటుందక్కా. ఆన్ చేస్తే చాలు. టికెట్ పేజీ ఎన్నిసార్లు తెరిచి చూస్తే ధర అంత పెరుగుతుంది. జనం ఎగబడే కొద్దీ మనకి కాయలే కాయలు. ఆ కుర్చీ నాకిచ్చి చూడండి."

భద్రమ్మ చెవి గోక్కుంది. "మరి నేల నిండకపోతే?"

"ఆదివారం సాయంత్రానికి నిండకపోతే ఆ కుర్చీ వంక మళ్ళీ చూడను. నిండితే మాత్రం అది నాదే. గురవయ్యకేం, ఇటుకల బట్టీ వాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పని."

గురవయ్య వీపు జలదరించింది. పైకి మాత్రం, "బావనే కూర్చోనీ అక్కా. పక్కన ఉండి నేర్చుకుంటాను" అన్నాడు.

పానకాలు గిరాకీ ధర ఆన్ చేసి, ఎలా ఉందోనని తన ఫోన్లో పేజీ తెరిచాడు. ఇరవై. కాసేపాగి మళ్ళీ తెరిచాడు. ఇరవై ఒకటి.

"ఒరేయ్ గురవయ్యా, వచ్చేస్తున్నార్రా జనం!"

ఆగలేక మళ్ళీ చూశాడు. ఇరవై రెండు.

గురవయ్య తన తెర మీద 'చూసినవారు' అన్న బటన్ నొక్కాడు. మూడు వరసలు వచ్చాయి. మూడింట్లోనూ పానకాలు పేరే.

"బావా, చూస్తున్నది ఎవరో ఓసారి నువ్వూ..."

"నోర్ముయ్. వ్యాపారం సాగుతున్నప్పుడు ఓండ్ర పెట్టకు."

గురవయ్య చెవులు వాల్చి ఆ మూడు వరసలూ మళ్ళీ చదివాడు. తర్వాత ఎంతో వినయంగా అన్నాడు: "నిజమే. ఇంత పెద్ద అంకెలు నా వల్ల కావు. ధర ఎంతైందో నువ్వే కనిపెట్టుకుని ఉండాలి బావా."

"నువ్వు చెప్పాలా?"

పానకాలు తింటూ చూశాడు, నడుస్తూ చూశాడు, కునికిపాట్లు పడి లేచి చూశాడు. ఆనందం పట్టలేక చుట్టాలందరికీ ఫోన్లు చేసి "మన ధర ఎంతైందో మీరూ చూడండర్రా" అని చెప్పాడు. వాళ్ళూ చూశారు.

శనివారం కోడి నాగరత్నం వచ్చి కొక్కొరించింది. "ఏం పానకాలూ, నిన్న ఇరవై అన్నారు, ఇవాళ మూడొందల నలభయ్యా? చిలకని చూడ్డానికా, కొనుక్కోడానికా?"

"గిరాకీ అలాంటిదమ్మా. రేపటికి ఇంకా పెరుగుద్ది."

"అయితే ఆ పెరిగేదాన్ని నువ్వే కూర్చుని చూసుకో" అని రెక్కలు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం సాయంత్రానికి ధర తొమ్మిది వందలు. భద్రమ్మ వచ్చి చూస్తే ఓ మూల పదిమంది తప్ప నేలంతా ఖాళీ. కంచె అవతల మాత్రం కోళ్ళు, గొర్రెలు, కుందేళ్ళు మూతులు ముడుచుకుని నిలబడి ఉన్నాయి. తంబూరా పట్టుకున్న చిలక అడిగింది: "కథ ఎవరికి చెప్పమంటారు, గుట్టకా?"

"ఇంత గిరాకీ ఉంటే జనమేరిరా పానకాలూ?" అంది భద్రమ్మ.

"దారిలో ఉంటారక్కా."

అప్పుడు గురవయ్య తన తెర భద్రమ్మ వైపు తిప్పాడు. "చూసింది ఎనిమిది వందల ఎనభై సార్లక్కా. అందులో ఐదొందల పన్నెండు బావే. నాగరత్నంలాంటి వాళ్ళు ఓ యాభై సార్లు. మిగతాది బావ తమ్ముళ్ళూ మేనత్తలూ. అమ్మిన టికెట్లు పదకొండు. అవీ బావ కూర్చోకముందు నేనమ్మినవే."

భద్రమ్మ పానకాలు వంక ఎగాదిగా చూసింది. "లేవరా."

గురవయ్య కూర్చున్నాడు. గిరాకీ ధర ఆపేశాడు. ఇరవై అని కొట్టాడు. ధర తగ్గిందంటూ కంచె అవతల ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. అరగంటలో నేల నిండిపోయింది, డక్కీల మోత మొదలైంది.

పానకాలు టికెట్ల గది కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒరేయ్ గురవయ్యా, నాకొక్కటి ఇవ్వరా."

"ఆఖరిది ఇప్పుడే నాగరత్నం తీసుకుంది బావా."

నమ్మకం కుదరక పానకాలు ఫోన్ తెరిచి చూశాడు. 'టికెట్లు అయిపోయాయి' అని ఉంది. మళ్ళీ చూశాడు. ఈసారి ఎన్నిసార్లు చూసినా ఏమీ మారలేదు.

నీతి: తన ఆత్రాన్నే ఊరందరి గిరాకీ అనుకున్నవాడు, ఊరంతా లోపల కూర్చున్నాక బయట నిలబడతాడు.