నల్లమడుగు ఒడ్డున అడుగులు

ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఇప్పలకోన అడవిలో చుక్కల దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, నెమళ్లు ఉండేవి. ఒక ముసలి ఏనుగు వాటికి పెద్ద. అందరూ ఆయన్ని దొరగారు అనేవారు. ఎండాకాలం వస్తే ఆ అడవి మొత్తానికీ మిగిలేది ఒక్క నీటిగుంట. దాని పేరు నల్లమడుగు.

మడుగు పక్క రెల్లుగడ్డిలో ఒక చిరుత మాటు వేసేది. పెద్దవాటి జోలికి వచ్చేది కాదు. నీళ్లకు దిగే పిల్లల్ని పట్టేది.

పొన్నమ్మ అనే దుప్పి తన కూన చివురును అలాగే పోగొట్టుకుంది. ఆ రోజు ఒడ్డు బురదలో నీళ్లవైపు వెళ్లిన చివురు అడుగులు కనిపించాయి. వెనక్కి వచ్చినవి కనిపించలేదు. తర్వాత బురద ఎండి, ఆ చిన్న గిట్టల గుర్తులు అలాగే గట్టిపడ్డాయి. పొన్నమ్మ రోజూ పొద్దున్నే వచ్చి వాటిని వాసన చూసేది. ఏ వాసనా మిగల్లేదని తెలిసీ చూసేది.

అలా వస్తూ వస్తూ మిగతా పిల్లల అడుగులు చూడడం కూడా అలవాటైంది. నీళ్లకు దిగినవి ఎన్ని, తిరిగి వచ్చినవి ఎన్ని అని లెక్కపెట్టేది. ఆ తర్వాత ఆకుల కొమ్మ నోట కరిచి బురదను చదును చేసేది. చివురు గుర్తుల మీద మాత్రం కొమ్మ తగలనిచ్చేది కాదు. ఆ నెలలో మూడు పిల్లలు తిరిగి రాలేదు.

మడుగుకు కావలి పెట్టాలని దొరగారు అన్నారు.

"కావలివాళ్లకు తర్ఫీదు నేనిస్తాను," అన్నాడు జాణయ్య అనే నక్క. "బదులుగా ఈ ఏడు రాలే ఇప్పపూలన్నీ నాకివ్వండి."

ఎండాకాలంలో దుప్పులకు ఆ పూలే తిండి. అయినా పిల్లలు బతికితే చాలని తల్లులు ఒప్పుకున్నాయి.

జాణయ్య పన్నెండు మంది కుర్ర దుప్పుల్ని మడుగుకు దూరంగా, చెట్టు నీడన ఒక బండ మీద వరసగా నిలబెట్టాడు. "నేను తోక ఎత్తితే చిరుత వచ్చిందనుకోండి. వెంటనే కూయండి," అన్నాడు. తోక ఎత్తాడు. పన్నెండు మందీ ఒక్కసారిగా కూశారు. పది రోజులూ అదే పాఠం.

"అర్థమైందా?" అని చివరి రోజు అడిగాడు.

"అయింది గురువుగారూ."

"నచ్చిందా?"

"నచ్చింది గురువుగారూ."

చల్లటి నీడ, మధ్యమధ్యలో పచ్చటి మేత. నచ్చకేం?

జాణయ్య ఒక్కొక్కరి నుదుట కావిమట్టి బొట్టు పెట్టి దొరగారి దగ్గరికి వెళ్లాడు. "వచ్చినవారు పన్నెండు మంది, బొట్టు పొందినవారు పన్నెండు మంది. ఒక్కరూ తప్పలేదు. కావలికి మెలకువ, అడవికి నిశ్చింత," అన్నాడు. ఆ చివరి మాటను అడవంతా పాటగా పాడించాడు. పూలు లేక కడుపులు మాడుతున్న తల్లులు కూడా పాడవలసి వచ్చింది.

నెల తిరిగాక పొన్నమ్మ దొరగారి ముందు నిలబడింది. "అయ్యా, తర్ఫీదుకు ముందు నెలలో మూడు పిల్లలు తిరిగి రాలేదు. తర్వాతి నెలలోనూ మూడే."

జాణయ్య నవ్వాడు. "బిడ్డ పోయిన తల్లి కదా, బురదలో ఏవేవో కనిపిస్తాయి. పన్నెండు బొట్లు కళ్లెదుట ఉండగా బురదతో పనేంటి దొరా?"

"బొట్లు నువ్వు పెట్టావు జాణయ్యా. అడుగులు పిల్లలు పెట్టారు," అంది పొన్నమ్మ. "నా చివురు ఎలాగూ రాడు. రేపు నీళ్లకు దిగేవాళ్లయినా ఇంటికి రావాలి. దొరగారూ, ఒక్క పొద్దు మీరే వచ్చి చూడండి."

మర్నాడు పొద్దున దొరగారు చెట్లచాటున నిలబడ్డారు. చిరుత కొండమీదికి వెళ్లడం చూసి పొన్నమ్మ రెల్లులోకి దూరింది. అది పడుకున్న గడ్డిలో పొర్లింది. ఆ వాసనను ఒళ్లంతా పట్టించుకుంది. తర్వాత తన మీది గాలి ఒడ్డున నిలబడ్డ కావలివాళ్ల వైపు వీచేలా, రెల్లుచాటుగా మెల్లగా నడిచింది.

ఒక్కరి చెవీ కదల్లేదు. కావలివాళ్లకు పెద్దయిన కొమ్మరాజు పక్కవాణ్ణి, "నా బొట్టు చెదరలేదు కదా?" అని అడుగుతున్నాడు.

పొన్నమ్మ నీళ్ల దాకా వచ్చింది. ఒక కూన తల వంచి తాగుతోంది. దానికింకా ఆ వాసన తెలియదు. పొన్నమ్మ దాని మెడ మీద మూతి ఆనించింది. మెడ వెచ్చగా ఉంది. కాసేపు మూతి తీయబుద్ధి కాలేదు.

సంగతి తెలిసి జాణయ్య పరుగున వచ్చాడు. కంగారులో అతని తోక పైకి లేచింది. పన్నెండు మందీ అడవి దద్దరిల్లేలా కూశారు.

దొరగారు చెట్లచాటు నుంచి బయటికి వచ్చారు. "కొమ్మరాజూ, చిరుత వాసన వస్తే కూయలేదేం?"

"గురువుగారి తోక లేవలేదు దొరా."

దొరగారు జాణయ్య వైపు తిరిగారు. "రేపు అందరికన్నా ముందు నీ పిల్లలు నీళ్లకు దిగుతారు. నువ్వు తర్ఫీదిచ్చిన వీళ్లే కాపలా కాస్తారు."

"నా పిల్లలా? వీళ్ల కాపలాలోనా?" అన్నాడు జాణయ్య.

ఆ తర్వాత అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రానికల్లా పిల్లల్ని తీసుకుని కొండ దాటిపోయాడు. పోగేసిన పూలను దుప్పులు పంచుకున్నాయి.

ఈసారి పాఠం మడుగు దగ్గరే జరిగింది. పొన్నమ్మ చిరుత పడుకున్న గడ్డిని తెచ్చి, ఒకరోజు ఈ పక్కన, ఒకరోజు ఆ పక్కన చెప్పకుండా పెట్టేది. కూయని వాడు మళ్లీ నేర్చుకోవాలి. కొమ్మరాజు తన బొట్టు తానే కడిగేసుకున్నాడు. ఆ నెల ఒక కూన మాత్రం తిరిగి రాలేదు. పొన్నమ్మ దాని తల్లి పక్కన రోజంతా నిలబడింది. మూడు ఒకటయిందని ఎవరైనా అంటే మొహం తిప్పుకుంది. మర్నాటి నుంచి పాఠం ఇంకా కష్టంగా చెప్పింది. తర్వాతి నెలలో వెళ్లిన పిల్లలందరూ తిరిగి వచ్చారు. ఆకలికి తాళలేక చిరుత వేరే కోనకు పోయింది.

తొలకరి పడింది. చివురు గుర్తులు మెత్తబడి, నీటితో నిండి, కరిగిపోయాయి. పొన్నమ్మ అడ్డు నిలబడలేదు. కొత్త బురద మీద నీళ్లకు వెళ్లిన చిన్న అడుగులు, తిరిగొచ్చిన చిన్న అడుగులు కనిపించాయి. లెక్కపెట్టింది. సరిపోయాయి.

ఇంకోసారి లెక్కపెట్టింది, తిరిగొచ్చినవాటిలో ఒకటి ఎక్కువ వస్తుందేమోనని.

నీతి: నేర్పిన విద్య ఫలించిందో లేదో నేర్చుకున్నవారి నుదుటి బొట్టు చెప్పదు, ఆ విద్య వల్ల క్షేమంగా ఇంటికి తిరిగొచ్చిన అడుగులు చెబుతాయి.