సుంకులమ్మ మూడు చుక్కలు

మా అవ్వకు వాళ్లవ్వ చెప్పిన కథ ఇది. ఎప్పటి మాటో ఎవరికీ తెలీదు.

అనగా అనగా ఒక కొండ. ఆ కొండలో రాతినార ఉండేది. గోటితో గీకితే దూదిలా పీచు లేచేది. నిప్పులో వేసినా కాలేది కాదు. రాయికి నార ఎట్లా పుట్టిందో, ఇప్పటికీ నాకు వింతే.

కొండ దొరది. తవ్వేది ఊరి మగవాళ్లు. వాళ్ల బట్టలు ఉతికేది చాకలి సుంకులమ్మ. దులిపేది, దగ్గేది, ఉతికేది.

ఒకనాడు దొర కేకలేశాడు.

"ఏమ్మే సుంకులూ! నా పంచెకు ఈ పీచేంది? ఒళ్లంతా మంట! కొండపని బట్టలు వేరే బానలో నానెయ్. వేరే గుర్తు పెట్టు."

"అట్లే దొరా. వాళ్లవి రాతి ఒళ్లు, తమరిది పూల ఒళ్లు కదా!" అని నవ్వింది సుంకులమ్మ.

ఏ బట్ట ఎవరిదో తెలియడానికి జీడిగింజ రసంతో ఇంటికొక గుర్తు ఎప్పుడూ ఉండేదే. కొండపని బట్టలకు ఆ పక్కనే మూడు చుక్కలు పెట్టింది. బట్ట చిరిగినా జీడి మరక పోదు. దులిపేది, దగ్గేది, ఉతికేది.

ఏళ్లు గడిచాయి. కొండపని ఆగింది. అప్పుడు మొదలైంది ఊరికి దగ్గు. కొండ తవ్విన ఓబులేసు గడప దాటలేడు. వాడితో తవ్విన నాగన్నకు పడుకుంటే ఊపిరాడదు. కొండెక్కని సుంకులమ్మకూ అదే దగ్గు.

అందరూ తీర్పు చెప్పే ధర్మాధికారి దగ్గరికి పోయారు. ఆయన దొరను పిలిపించాడు. "ఊపిరున్నన్నాళ్లు మందూ మెతుకూ దొరే చూడాల సామీ" అన్నారు.

"చుట్టలు తాగి దగ్గుతున్నారు" అన్నాడు దొర.

"నేను చుట్ట ముట్టలేదు సామీ. వాళ్ల బట్టలు దులిపినాను, అంతే" అంది సుంకులమ్మ.

"ఎప్పుడో ఆగిన పని. ఇప్పుడా అడిగేది?" అన్నాడు దొర.

"రోగం ఇప్పుడు కదా బయటపడింది. తెలీని రోగానికి ముందే ఎట్లా అడుగుదుము?" అంది సుంకులమ్మ.

"అసలు వీళ్లు నా కొండ తొక్కనే లేదు! సాక్ష్యమేది?"

సుంకులమ్మ కొండపనివాళ్లు కప్పుకొచ్చిన బొంతలు అడిగి తీసుకుంది. పాత బట్టలన్నీ కలిపి కుట్టిన బొంతలవి. ఒక్కొక్కటే తిరగేసింది. ప్రతి బొంతలోనూ ఇంటిగుర్తు, పక్కన మూడు చుక్కలు.

"ఇవేమి చుక్కలు?" అడిగాడు ధర్మాధికారి.

"కొండపని బట్టల గుర్తు సామీ. ఆ పీచు తమ పంచెకు అంటగూడదని దొరవారే పెట్టించినారు."

ధర్మాధికారి దొర వైపు తిరిగాడు. "అయితే అది ఒంటికి మంచిది కాదని నీకు అప్పుడే తెలుసన్నమాట."



మందూ మెతుకూ దొరే పెట్టాలని తీర్పయింది. "తవ్వినవాళ్లకే కాదు, దులిపిన ఈమెకు కూడా" అన్నాడు ధర్మాధికారి. సుంకులమ్మ ఆ మెతుకులు ఎన్నాళ్లో తినలేదు. మూడు పున్నములకు పోయింది.

ఇప్పటికీ ఆ వైపు ఎవరూ పనిబట్టలు పొడిగా దులపరు. ముందు తడుపుతారు. కొడుకు కొత్తగా పనికి పోయేనాడు తల్లి వాడి చొక్కా అంచు మడిచి లోపల మూడు చుక్కలు పెడుతుంది.

"ఎందుకమ్మా ఇవి?" అంటాడు వాడు.

"నువ్వు అక్కడ లేవని రేపెవరైనా అంటే చూపించడానికి నాయనా" అంటుంది.