పోయిందనుకుందాం అన్న కుందేలు

అనగా అనగా, అడవికి కరెంటు వచ్చి, కుందేళ్ళ ఇళ్ళలో కంప్యూటర్లు కొలువుదీరిన కాలంలో, ఏటి ఒడ్డున ఒక కలుగులో చకితాక్షి అనే కుందేలు ఉండేది. పేరుకు తగ్గట్టే ఆకు రాలినా ఉలిక్కిపడేది. దాని పిరికితనం చూసి నవ్వని ప్రాణి ఆ అడవిలో లేదు.

వాళ్ళింటి కంప్యూటర్లో చకితాక్షి మామగారు గీసిన సొరంగాల పటం ఉంది. ఏరు పొంగితే ఏ దారి మునుగుతుంది, ఏ దారిన పిల్లల్ని గట్టెక్కించాలి, అంతా అందులోనే ఉంది. మామగారు కాలం చేశాక ఆ దారులు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పైగా ఆ పటం ఆయన అమర్చుకున్న పాత సాఫ్ట్‌వేర్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోదు.

వానలు దగ్గరపడుతుండగా కంప్యూటర్ లోపలి డిస్కు కిర్రుమనడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఇది పోతే మన పిల్లల గతేంకాను?" అంది చకితాక్షి.

అత్త చెవులు రెండూ మూసుకుంది. "నీ నోటికి మంచి మాటే రాదుటే? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. పోతే గీతే అనకు!"

చకితాక్షి గుండె మాత్రం ఊరుకోలేదు. పచ్చగడ్డి కూడా సహించలేదు. కిర్రుమన్నప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి తెర ముందుకు పరుగెత్తేది.

ఇక లాభం లేదని సంతకు కబురంపింది. డిస్కును ఉన్నదున్నట్టుగా, పటంతోపాటు పటం తెరిచే సాఫ్ట్‌వేర్‌ను కూడా కలిపి, నకలు తీసి దాచే సాఫ్ట్‌వేర్లు అక్కడ అమ్ముతారు. ఆ నకలునే డిస్కు ఇమేజి అంటారు. అమ్మేవాళ్ళు ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు.

మొదట నెమలి వచ్చింది. "చెల్లెమ్మా, మా సాఫ్ట్‌వేర్ అందం చూశావా? తెర నిండా రంగులే! ఒక్కసారి నొక్కితే చాలు, పని అయిపోతుంది" అంటూ నకలు తీసేసింది.

చకితాక్షి ఒక ఖాళీ డిస్కు ముందు పెట్టింది. "అన్నా, మా డిస్కు పోయిందనుకుందాం. నీ నకలులోంచి అంతా దీని మీదికి తెచ్చి చూపించు."

లోపలి నుంచి అత్త "శివ శివా!" అని అరిచింది.

నెమలి తెచ్చింది. పటం ఫైలు వచ్చింది గాని తెరుచుకోలేదు. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ నకలులో లేనేలేదు. "ఫైలు వచ్చిందిగా, తెరుచుకోకపోతే నేనేం చేసేది?" అని నెమలి ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

తర్వాత నక్క వచ్చింది. అది నేరుగా అత్త కాళ్ళకు దండం పెట్టింది. "నాది మొత్తం తీస్తుందమ్మా, పూచికపుల్ల కూడా వదలదు" అంటూ నకలు తీసింది.

"తీసి ఎక్కడ దాచావు మామా?" అని అడిగింది చకితాక్షి.

"ఇక్కడే, ఈ డిస్కులోనే ఓ మూల. మన సొమ్ము మన ఇంట్లోనే ఉంటే భద్రం కదూ!"

"మరి ఈ డిస్కే పోయిందనుకుందాం. దాంతోపాటు నకలూ పోదా?"

"శుభమా అని కొంటూ అవేం మాటలమ్మా! పోదు. పోదనుకుంటే పోదు."

అత్త ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకు ఒక మంచి మాట విన్నాను. కోడలా, ఇదే కొనేద్దాం."

అత్తకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎరగని పని. అయినా చకితాక్షి కళ్ళు మూసుకుని అనేసింది. "మంచి మాట ఎక్కి పిల్లలు గట్టు చేరలేరు అత్తయ్యా. నాకిది వద్దు."

అత్త మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. నక్క జారుకుంది.

చివరికి ముళ్లపంది వచ్చింది. పలకరింపు లేదు, పొగుడుకోవడం లేదు. వస్తూనే తాను తెచ్చిన వేరే డిస్కు మీదికి నకలు తీసింది. తీసి, పనేదో మిగిలినట్టు అక్కడే కూర్చుంది.

"బాబాయ్, మా డిస్కు పోయిందనుకుందాం" అంది చకితాక్షి.

"ఆ మాట కోసమే కూర్చున్నానమ్మా. ఎవరూ అడగరు" అంటూ ముళ్లపంది నకలులోంచి ఖాళీ డిస్కు నింపింది. దాన్ని కంప్యూటర్లో బిగించి మీట నొక్కింది.

తెర నల్లగా ఉండిపోయింది.

"అన్నావుగా! అయిందిగా!" అని అత్త గోలపెట్టింది.

ముళ్లపంది మాత్రం కంగారుపడలేదు. కాసేపు వెతికి, "కంప్యూటర్‌ను నిద్ర లేపే చిన్న భాగం ఒకటుంటుంది. నకలులో దాన్ని చేర్చడం మరిచాను. తప్పు నాదే" అంది. "ఇవాళ తెర నల్లబడితే సరిచేసుకుంటాం. ఏరు పొంగిన రోజున నల్లబడితే ఏంచేస్తావు తల్లీ?"

మళ్ళీ నకలు తీయాలంటే ఆ పాత డిస్కే తిరగాలి. అది తిరిగినంతసేపూ కిర్రుమంటూనే ఉంది. ఆగిపోతుందేమోనని చకితాక్షి దాని పక్కనుంచి కదల్లేదు. మొత్తానికి పని పూర్తయింది. కొత్త డిస్కును మళ్ళీ నింపాక, ముళ్లపంది చెప్పినట్టు చకితాక్షే దాన్ని బిగించింది. ఈసారి తెర వెలిగి పటం తెరుచుకుంది. మామగారు గీసిన దారులు ఒక్కటీ చెరగలేదు. చకితాక్షి బావురుమంది. ఆ సాఫ్ట్‌వేర్‌నే కొనుక్కుని, పాత డిస్కును మళ్ళీ కంప్యూటర్లో పెట్టి, నింపిన డిస్కును ఏరు పొంగే రోజుకని చేతికందేలా దాచుకుంది.

వానలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఏరు ఒడ్డు దాటింది. పటం కోసం మీట నొక్కితే పాత డిస్కు ఒక్కసారి కిర్రుమని శాశ్వతంగా ఆగిపోయింది. నీళ్ళు గడప తాకాయి. పిల్లలు ఏడుపు అందుకున్నారు. అత్త వణికిపోయింది. విచిత్రమేమిటంటే, ఆకు రాలితే బెదిరే చకితాక్షి చేతులు ఆ వేళ వణకలేదు. ఏం చేయాలో ఆ చేతులు ముందే ఒకసారి చేసి చూశాయి. కొత్త డిస్కు బిగించింది, పటం తెరిచింది, మునగనిది తూర్పు సొరంగమని చూసుకుని డిస్కు ఊడదీసి చంకన పెట్టుకుంది, ఆ దారిన పిల్లలనూ అత్తనూ గట్టెక్కించింది.

గట్టు మీద అత్త తడిసిన చెవులు పిండుకుంటూ, పిల్లల్ని ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది. ఆ తర్వాత కోడలి పక్కన చేరి మెల్లగా అంది. "ఏమే, ఈ కొత్త డిస్కు కూడా పోయిందనుకుందాం. అప్పుడేం చేద్దామంటావ్?"

పోకముందే పోయిందనుకుని చూసుకున్నవాళ్ళకు, పోయినా పోదు.