దివాలా తియ్యడానికి ప్లీడరెందుకు?

తెలివైనవాళ్ళ కథ ఒకటి చెప్తాను. మంచినీళ్ళు తాగేవాళ్ళుంటే ముందే తాగేసి రండి. మధ్యలో తాగితే పొలమారుతుంది, ఆ పాపం నాకొద్దు.

గుమ్మిడిపేటలో అబ్బులు అని ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య మంగతాయారు, తమ్ముడు తాతబ్బాయి. ముగ్గురూ కలిసి షామియానాల కొట్టు నడిపేవారు. పెళ్ళికైనా పేరంటానికైనా పందిరి గుడ్డలు, కుర్చీలు, గుండిగలు, జనరేటరు వాళ్ళ దగ్గరే అద్దెకి దొరికేవి. కొట్టు ముందు బోర్డు మీద ఈ సామానంతా వరసగా రాయించి, అడుగున "తెలివి కూడా అద్దెకు ఇవ్వబడును" అని ఎర్రరంగుతో రాయించారు. పదేళ్ళలో ఒక్కడూ అడగలేదు. "ఖరీదెక్కువుంటుందని జడుస్తున్నారు" అనేవాడు అబ్బులు మీసం దువ్వుకుంటూ.

వాళ్ళ తెలివికి ఒక పద్ధతుంది. చదువుకున్నవాళ్ళు ఏం చెప్పినా తాతబ్బాయి రసీదు పుస్తకం వెనకవైపు రాసుకుంటాడు. ఇంటికొచ్చి పైకి చదువుతాడు. ముగ్గురూ అది అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. వాళ్ళ నాన్న పోతూ పోతూ "మాటంటే మాటేనర్రా" అని పోయాడు లెండి. అప్పటినుంచి ఎవరి మాటా వీళ్ళ చేతిలో తప్పింది లేదు.

ఆ పద్ధతితోనే కొట్టు మునిగింది. రైసుమిల్లు గవర్రాజు "పెళ్ళవగానే పంపేస్తాను" అని రెండొందల కుర్చీలు పట్టుకెళ్ళాడు. మర్నాడే ఆ పెళ్ళి చెడింది. పెళ్ళి కాలేదు కదా, కుర్చీలు ఎలా అడుగుతారు? పదకొండు నెలలుగా ఆ కుర్చీల మీద ధాన్యం బస్తాలు దర్జాగా కూర్చున్నాయి. ఎరువుల కొట్టు సుబ్బారాయుడేమో "డబ్బుల సంగతి తరవాత చూద్దాంలే" అన్నాడు. పాపం తాతబ్బాయి ప్రతి సోమవారం వెళ్ళి, ఆయన గల్లాపెట్టె తెరిచినప్పుడు తొంగి చూసి వచ్చేవాడు. "ఉన్నాయి వదినా, మన డబ్బులు కులాసాగా ఉన్నాయి" అని ఇంట్లో చెప్పేవాడు.

ఇంకేముంది, అద్దెలు రాలేదు. జనరేటరు కొనడానికి ఫైనాన్సు సూర్రాజు దగ్గర తెచ్చిన అప్పు వడ్డీతో కలిసి రెండు లక్షల నలభై వేలైంది. ఒకరోజు సూర్రాజు కొట్టుకొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అబ్బులూ, నెలాఖరు దాకా చూస్తాను. కట్టావా సరే. లేదంటే కొట్టుకి తాళం పడుద్ది. సామాను సాంతం నాది. అదిగో, ఆ పెద్ద గుండిగతో సహా."

గుండిగ మాట వినేసరికి మంగతాయారు వెళ్ళి దానికి అడ్డంగా నిలబడింది. అది వాళ్ళమ్మ వంటలకి వెళ్ళినప్పుడు వాడిన రాగి గుండిగ. మూడొందల మందికి పులిహోర కలపొచ్చు. ఆవిడ పోయాక మంగతాయారుకి మిగిలింది అదొక్కటే. రోజూ చింతపండేసి తోముతుంది, తోముతూ దానితో కబుర్లు చెప్తుంది. కొట్టు పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు గానీ, అమ్మ చెయ్యి తగిలిన గుండిగ ఎక్కడ తెస్తాం?

ఊళ్ళో ఎవరో ఐపీ పెట్టెయ్యమన్నారు. అంటే "నా వల్ల కాదు మహాప్రభో, నేను దివాలా తీశాను" అని కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవడం. బాగానే ఉంది గానీ, దానికి ప్లీడరు కావాలా అక్కర్లేదా? ఇలాంటి విషయం సొంతంగా తేల్చుకోకూడదని ముగ్గురూ ప్లీడరు కాశీపతి గారి దగ్గరికే వెళ్ళారు.

"అయ్యా, మీతో మాకు అవసరం ఉందంటారా?" అని అడిగాడు అబ్బులు.

కాశీపతి గారు మంచాయన కాబట్టి కోప్పడలేదు. "నా ఫీజు పదిహేను వేలు. ఉన్నమాట చెప్తాను వినండి. కొట్టూ సామానూ ఉన్నవాడు ప్లీడరు లేకుండా వెళ్తే మునిగిపోతాడు. పోగొట్టుకోడానికి ఏమీ లేనివాడికి ప్లీడరు అక్కర్లేదు, తనే రాసి పెట్టుకోవచ్చు. ఫీజు కట్టలేమంటారా, అడిగితే కోర్టువాళ్ళే ఉచితంగా ఒక ప్లీడరుని ఇస్తారు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నారు.

తాతబ్బాయి గబగబా రాసుకున్నాడు. ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నారు కాబట్టి దారిలో ఎవరూ ఏమీ ఆలోచించలేదు. గడప దాటాక మొదలెట్టారు.

"ఆ ఉచిత ప్లీడరేదో బాగున్నాడు కదయ్యా" అంది మంగతాయారు.

"బుర్ర వాడు తాయారూ. కోర్టువాళ్ళు మనకి ఇచ్చేశాక ఆ ప్లీడరు ఎవరిది?"

"మనదే."

"మరి మనకి ఆస్తున్నట్టేగా! ఆస్తున్నవాడికి ప్లీడరు కావాలన్నారు. అంటే ఈ ప్లీడరు కోసం ఇంకో ప్లీడరు. ఆయన కోసం ఇంకోడు. ఎంతమందికని వండిపెడతావు?"

"అమ్మో, ఉచితం మనకొద్దు" అంది మంగతాయారు గుండెలు బాదుకుంటూ.

తాతబ్బాయి పుస్తకం దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చదివాడు. "అన్నయ్యా, ఇదిగో. పోగొట్టుకోడానికి ఏమీ లేనివాడికి ప్లీడరు అక్కర్లేదంట. మనకి సామానుంది కాబట్టే ఈ గొడవంతా. అది లేకుండా చేసుకున్నామనుకో, పదిహేను వేలు మిగులుతాయి!"

అబ్బులు తమ్ముణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. "మా వంశంలో ఇంత బుర్ర నీ ఒక్కడికే వచ్చిందిరా" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే.

అంతే. మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపులు బార్లా తీసి దారినపోయేవాళ్ళకి సామాను పంచడం మొదలెట్టారు. పందిరి గుడ్డలు చేపలవాళ్ళకిచ్చారు. గరిటెలు బడిపంతులు గారికిచ్చారు. జనరేటరు సోడాబండి అప్పన్నకిచ్చారు. "నేనేం చేసుకోనండీ దీన్ని?" అని అప్పన్న మొత్తుకుంటే, "మాకు పదిహేను వేలు లాభం తగుల్తుంది, కాదనకు నాయనా" అని బతిమాలి బండికెక్కించారు. బోర్డు కూడా పీకి ఇచ్చేశారు, దాని మీద తెలివుంది కదా, అదీ ఆస్తే.

పెద్ద గుండిగ దగ్గరికొచ్చేసరికి మంగతాయారు దాన్ని వాటేసుకుని బావురుమంది.

"ఇదొక్కటీ ఉంచుకుందామయ్యా."

"ఉంచుకుంటే ప్లీడరు కావాలి. ప్లీడరు ఫీజుకి గుండిగ అమ్మాలి. అమ్మేశాక ఇంక ప్లీడరు అక్కర్లేదు. ఆ తిరుగుడంతా ఎందుకే, ఇప్పుడే ఇచ్చేస్తే పోలా?" అన్నాడు అబ్బులు.

లెక్క చూస్తే సరిగ్గానే కనపడింది. ఏడుస్తూనే తీసుకెళ్ళి టీకొట్టు నూకరత్నానికి ఇచ్చేసింది. మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది కూడా. ఆవేళ ఆవిణ్ణి చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఇంట్లో ఒకే ఒక్క కంచం మిగిలితే అదీ ఇచ్చేసి అరిటాకుల్లో తిన్నారు. తిన్నాక అబ్బులు మీసం ఆస్తి కిందకొస్తుందా రాదా అని వాదన వచ్చింది. ఒకవైపు మీసం ఎవడూ కొనడు కాబట్టి అది ఆస్తి కాదని తేల్చి, ఎడమవైపు గీయించేశారు.

ముగ్గురూ పది రూపాయలు పెట్టి ఫారం కొని కోర్టుకెళ్ళారు. అక్కడి గుమస్తా ముసలాయన. "ఏ గడీ ఖాళీగా వదలకండి. వదిలితే తీసుకోను" అన్నాడు. తాతబ్బాయి అదీ రాసుకున్నాడు. ఆస్తుల గడి చాలా పెద్దది. "ఏమీ లేవు" అని రాస్తే ఇంకా బోలెడు ఖాళీ మిగిలింది. అంతే, గడి నిండేదాకా నలభై సార్లు "ఏమీ లేవు, ఏమీ లేవు" అని రాశారు. గుమస్తా నెత్తి కొట్టుకుని దాన్ని చింపేసి, ఇంకో పది రూపాయలు తీసుకుని కొత్త ఫారం ఇచ్చాడు. "లేనిది రాయడమేవిఁటయ్యా? ఉన్నదే రాయాలి. సరే, ఈ రెండేళ్ళలో ఎవరికైనా ఏమైనా ఇచ్చారా?"

"ఆయ్! ఇవ్వకపోవడమేంటండీ!" అబ్బులు ఛాతీ విరుచుకున్నాడు. "నిన్ననే మొత్తం ఇచ్చేశాం. తమరి దగ్గరికి శుభ్రంగా వచ్చాం."

గుమస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అప్పులవాడికి దక్కకుండా సామాను పంచేసి, దివాలా అని వచ్చారా? దీన్ని మోసం అంటారయ్యా! జైల్లో కూర్చుంటారు! వెళ్ళండి, ఈ రెండేళ్ళలో ఎవరికి ఏమిచ్చారో అన్నీ వెనక్కి తెచ్చుకుని అప్పుడు రండి!"

జైలు మాటకి ముగ్గురూ ఫారం పట్టుకుని బయటికి పరిగెత్తారు. అన్నీ తెమ్మన్నాడంటే అన్నీ. ఊళ్ళో పడ్డారు. అప్పన్న జనరేటరు ఇచ్చి దణ్ణం పెట్టాడు. నూకరత్నం గుండిగ ఇచ్చేసింది. మంగతాయారు దాన్ని నెత్తిన పెట్టుకుని, ఇంక ఎవరేం చెప్పినా దించలేదు. తాతబ్బాయి వార్డు మెంబరు దగ్గరికెళ్ళి, "పోయినేడు తమకి ఓటిచ్చామండి, అది ఒకసారి ఇప్పించండి" అన్నాడు. అబ్బులు ఆసుపత్రికెళ్ళి, శిబిరంలో ఇచ్చిన రక్తం తిరిగిమ్మన్నాడు. అప్పుడు వాళ్ళు పెట్టిన అరటిపండు, బిస్కట్ల పొట్లం కొత్తవి కొని మర్యాదగా బల్ల మీద పెట్టాడు కూడా. నర్సమ్మ తరిమింది.

చివరికి రైసుమిల్లుకి వెళ్ళారు.

"గవర్రాజు గారూ, రెండొందల కుర్చీలు ఇచ్చామండి మీకు. కోర్టువారు వెనక్కి తెమ్మన్నారు."

కోర్టు పేరు వినగానే గవర్రాజుకి చెమటలు పట్టాయి. "కోర్టు దాకా ఎందుకయ్యా అబ్బులూ? నోటితో అడిగితే ఇవ్వనా?" అని బస్తాలు దింపించి, కుర్చీలు తుడిపించి, పదకొండు నెలల అద్దె లెక్కకట్టి చేతిలో పెట్టాడు. ఇంకేముంది, అబ్బులు కోర్టుకెక్కాడని సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. అద్దెలు ఎగ్గొట్టినవాళ్ళందరూ వాళ్ళంతట వాళ్ళే డబ్బు పట్టుకుని కొట్టుకొచ్చారు. సుబ్బారాయుడైతే సోమవారం తన కొట్లోనే గల్లాపెట్టె తెరిచి, తాతబ్బాయి అలవాటుగా తొంగిచూసి వెళ్ళిపోతుంటే, చొక్కా పట్టుకు లాగి మరీ ఇచ్చాడు.

నెలాఖరుకి ఇంకా రెండు రోజులుండగానే సూర్రాజు బాకీ పైసలతో సహా తీరిపోయింది. ఆయన ప్రోనోటు చింపేశాడు. బోర్డు మళ్ళీ పైకెక్కింది. మంగతాయారు గుండిగ నెత్తి మీంచి దించి పులిహోర కలిపింది. వీధిలో అందరికీ పెట్టింది, నవ్వుతూనే ఏడ్చింది. కథ ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండును! నేను ఆపుదామన్నా వాళ్ళు ఆపరు.

చెయ్యి కడుక్కుంటూ తాతబ్బాయి అన్నాడు. "అన్నయ్యా, ఫారం మిగిలిపోయింది. పది రూపాయలు."

"అవున్రోయ్! అన్నీ వెనక్కి తెచ్చుకుని రమ్మన్నారు కదా. తెచ్చుకున్నాం. వెళ్ళకపోతే మాట తప్పినట్టు."

కూర్చుని ఫారం నింపారు. ఈసారి ఆస్తుల గడి కుర్చీలతో, గరిటెలతో నిండుగా కళకళలాడింది. ఒక్క గడి దగ్గర మాత్రం ఆగిపోయారు. "అప్పు ఇచ్చినవారి పేరు, బాకీ మొత్తం." అప్పిచ్చినవాడే లేడు! ఖాళీగా వదిలితే తీసుకోనన్నారు. లేనిది రాయకూడదన్నారు, ఉన్నదే రాయాలి. ముగ్గురూ చాలాసేపు తల పట్టుకున్నారు. అప్పుడు మంగతాయారుకి తట్టింది.

పావుగంటలో ముగ్గురూ సూర్రాజు ఇంటి ముందున్నారు.

"సూర్రాజు గారూ, ఆ రెండు లక్షల నలభై వేలూ మళ్ళీ ఇప్పించాలండి" అన్నాడు అబ్బులు, ఉన్న ఒకవైపు మీసం దువ్వుకుంటూ.

సూర్రాజు అప్పుడే ఆ కట్టలు బీరువాలో పెడుతున్నాడు. "కొట్టు నిలబడింది, సామాను దక్కింది. ఇప్పుడు అప్పెందుకయ్యా మీకు?"

"దివాలా తియ్యడానికండి."

సూర్రాజు గబగబా బీరువా మూసి తాళంచెవి కోసం వెతుక్కున్నాడు. ఆ సందు చూసుకుని మంగతాయారు వినయంగా ముందుకొచ్చింది.

"ఇంకో పదిహేను వేలు కలిపి ఇవ్వండి అన్నయ్యగారూ, ప్లీడరు గారికి. ఇప్పుడు మాకు ఆస్తుందండి, ఆయన లేకుండా వెళ్తే మునిగిపోతాం."